రానివాళ్ల లెక్క

“ఇంకో ఫోన్ నంబర్ ఇయ్యాలె మేడం. ఇంట్లోళ్లది.”

“నాదే మళ్లా కొట్టు త్రివేణీ.”

“తీస్కుంటలేదు. వేరేది గావాల్నట. సారుదో, పిల్లలదో...”

“సారు లేడు. పిల్లలు లేరు.”

“పోనీ అన్నదమ్ములది?”

“తమ్ముడొకడుండె నల్గొండల. పోయిండు. నీ నంబర్ పెట్టు.”

“నాదా?”

“ఏమైతది? ఎవరూ చెయ్యరులే.”

నాచారం చౌరస్తా దగ్గర త్రివేణి నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో ఆ మధ్యాహ్నం డాక్టర్ ఎలిజబెత్ తప్ప ఎవరూ లేరు. ఉప్పల్ వైపున్న ఓ మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్లుగా కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేస్తున్న ఆమెకు ఈ నెలాఖరున రిటైర్మెంటు. ఇంకో రెండేళ్లు ఉండనివ్వమని పెట్టుకునే దరఖాస్తుకు సాయంత్రం ఐదు వరకే గడువు.

“మొత్తం పేపర్లెన్ని అంటుంది. పేపర్లంటే ఏంది మేడం?”

“పరిశోధన చేసి పత్రికలల్ల రాసినయి. ముప్పై ఏడు.”

“మరి గీ సైటేషన్లు?”

“మనం రాసింది చదివి, వేరేవాళ్లు వాళ్ల పేపర్ల మన పేరు ఎత్తుతరు. ఎన్నిసార్లు ఎత్తిన్రో ఆ లెక్క. ఐదువందల తొంభై.”

“అబ్బో! మస్తు పేరున్నది మేడం మీకు. గిక్కడ జిరాక్సు కోసం నిలబడితె ఎవలకు తెలుస్తది!”

“తెలువకపోతేనే మంచిది.”

“ఏంది?”

“ఏం లేదు. తర్వాతది చూడు.”

“అన్నిట్ల ఎక్కువ పేరొచ్చిన పేపర్ ఏదంటుంది. ఒక్కటే పెట్టాల్నట. మీ లిస్టుల... ఆఁ, గిదో. రెండువేల ఏడుల రాసింది. నాలుగువందల పన్నెండు! కొట్టాల్నా?”

“జరాగు.”

“మూడున్నర అయింది మేడం. సర్వర్ గిట్ల డౌనైతె—”

“ఆగమన్న గదా.”

“సరే, సరే. ఛాయ్ జెప్పాల్నా?”

“వద్దు. త్రివేణీ... ఆ పేపర్ తప్పు.”

“స్పెల్లింగా?”

“స్పెల్లింగ్ కాదు. పేపరే తప్పు.”

“గిన్నిసార్లు పేరెత్తిన్రు గదా. తప్పైతె ఎందుకెత్తుతరు?”

“వెనక్కి తిరిగి ఎవరు చూస్తరు? ఒకరు ఎత్తిన్రని ఇంకొకరు.”

“ఏం తప్పు జేసిన్రు మేడం?”

“కిడ్నీలు చెడిపోతున్నవాళ్లకు ఒక గోలి ఇచ్చి చూసినం. అరవై నాలుగు మందికి. ఏడాదికి యాభై మూడు మంది తిరిగి వచ్చిన్రు. అందరు మంచిగనే ఉన్నరు. గోలి పనిచేస్తుంది, డయాలసిస్ దాకా పోనియ్యది అని రాసినం.”

“మిగిలినోళ్లు?”

“ఊర్లకు పోయిన్రనుకున్న. గీ కంపెనీలల్ల పనిచేసేటోళ్లే అంతా. ఇయ్యాల ఈడ, రేపు ఇంకోకాడ. తగ్గింది గాబట్టే వస్తలేరేమో అని గూడ అనుకున్న.”

“అయితె?”

“ఏడేండ్లకు, పాత ఫైళ్లు సర్దుతుంటే ఆ పదకొండు అడ్రసులు చేతికొచ్చినయి. ఎందుకో పోబుద్ధైంది. ఆదివారం చర్చి అయిపోంగనే షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్, పీర్జాదిగూడ, మీ నాచారం గల్లీలు... ఒక్కొక్క ఇల్లు అడుక్కుంట పోయిన.”

“దొరికిన్రా?”

“ఇద్దరు ఇల్లు మారిన్రు. తొమ్మిదిండ్లు దొరికినయి. తొమ్మిదిండ్లల్ల ఫోటోలే ఉన్నయి.”

“అయ్యో...”

“ఆ ఏడాదిలనే పోయిన్రు. దవాఖాన దాకా వచ్చే శక్తి లేకనే రాలే. నేను వచ్చినోళ్లనే లెక్కపెట్టిన. రానోళ్లను గూడ కలిపి చూస్తే, గోలి ఏసుకున్నా ఒకటే, ఏసుకోకున్నా ఒకటే.”

“మరి ఎవలకు జెప్పలేదా?”

“చెప్పిన. తప్పైందని ఇంకో పేపర్ రాసిన. పత్రికవాళ్లు ఎక్కడనో వెనక ఏసిన్రు. నాతోని కలిసి చేసిన ఉమామహేశ్వర్ సార్, ‘దాంట్ల నా పేరు పెట్టకు ఎలిజబెత్’ అన్నడు. అదే ఆఖరి మాట. నేను పోయి కూసుంటే స్టాఫ్ రూంల ఒక్కొక్కరు లేచి పోయేటోళ్లు. మెల్లగ నేనే పోవుడు మానేసిన. పదకొండేండ్లయింది, డబ్బ తెచ్చుకొని ల్యాబుల్నే తింట.”

“ఒక్కలేనా?”

“ఎలుకలుంటయి గదా, పంజరాలల్ల.”

“నవ్వుతరేంది మేడం... ఆ రెండో పేపర్ పేరు ఎన్నిసార్లు ఎత్తిన్రు?”

“రెండుసార్లు.”

“గంతేనా! ఎవరు?”

“నేనే. రెండుసార్లూ.”

ఎలిజబెత్ తెర మీది అంకె వైపు చూసింది. నాలుగు వందల పన్నెండు. ఇన్నేళ్లలో ఆమెను విడవకుండా వెంట వచ్చింది అదొక్కటే.

“ఇప్పుడేం జేద్దాం మరి?”

“అది పెడితే రెండేండ్లు ఇస్తరు. పొద్దుగాల లేస్తే పోనీకి నాకొక జాగ ఉంటది. ఇంట్ల ఉంటే... నీకెట్ల చెప్పాలె. ఫ్యాన్ చప్పుడు ఇనుకుంట కూసునుడే.”

“పెట్టుండ్రి మరి! దొంగలెక్క ఏం రాస్తలేరు గదా. ఉన్నదే గదా.”

“ఉన్నదే.”

“కొట్టాల్నా?”

“వద్దు. కింద చూడు, రెండువేల పద్నాలుగుది ఉంటది. అది కొట్టు.”

“రెండే ఉన్నయి దానికి. ఇస్తరా మేడం?”

“ఇయ్యరు. కానీ ఫారం ఎవరో ఒకరు చదవాలె గదా. ఒక్కలన్నా చదువుతరు.”

“మీ ఇష్టం. అబ్బ, పేరు మస్తు పొడుగున్నది... గోలి పేరు గూడ కొట్టాల్నా? ఆర్... ఈ... ఎన్...”

“నిదానంగ కొట్టు. ఏమైంది? ఆగినవేంది? సర్వరా?”

“సర్వర్ కాదు. గీ స్పెల్లింగు నాకు ఎరుకే మేడం.”

“ఎట్ల?”

“నెలనెలా మందుల దుకాణంల చీటి సూపిచ్చేది నేనే. మా అమ్మకు. పోయిన ఎండాకాలంసంది ఏసుకుంటుంది.”

“ఎవరు రాసిన్రు?”

“ఈడ్నే, మాకు తెలిసిన డాక్టరు. పరిశోధనల తేలిందన్నడు. మన ఉప్పల్ దిక్కు మేడమే తేల్చిందన్నడు. అది మీరని నాకేం ఎరుక!”

“పెద్ద దవాఖానకు పోతలేరా?”

“మూడు నెలలకోపారి రమ్మన్నరు. గోలి ఉన్నది గదా అని పోవుడు బంద్ జేసినం.”

“లే త్రివేణీ. షటర్ దించు.”

“ఫారం?”

“ఉండనియ్యి. ఇల్లెక్కడ?”

“మల్లాపూర్ తొవ్వల, దగ్గర్నే. మేడం... అమ్మకు నేనేమని జెప్పాలె?”

“నువ్వు చెప్పకు. నేనెవర్నో ముందుగాల చెప్పి, మిగిలింది నేనే చెప్త.”

“మీరు ఆమెకు ఎరుకే మేడం. పేరు తెల్వదు, అంతే. దినాం గోలి చేతుల వట్టుకొని, ‘దీన్ని కనిపెట్టిన బిడ్డ యాడున్నా సల్లగుండాలె’ అని దండం పెట్టుకోకుంట మింగదు.”