కుడి అంచు పైకి

నువ్వైనా దానికి నేర్పి పోవాల్సింది, యసుయో. పడవ ఇంజను విప్పమంటే విప్పుతాను గానీ, ఆడపిల్లకి యుకాతా ఎలా కట్టాలో నాకేం తెలుసు చెప్పు?

అలా చూడకు. ఫొటోలో కూడా అదే చూపు. పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ కదా, వచ్చావు. టీ చల్లారకముందే తాగు. చెబుతాను.

మన చిహరు ఈ వేసవిలో ఒక్కసారిగా పొడుగైపోయింది. నిన్న నీ పెట్టె తెరిచి, వేసవి పండగలకి నువ్వు ఒంటికి చుట్టుకునే ఆ నీలం నూలు యుకాతా తీసింది. "నాన్నా, అమ్మది కట్టుకుని బాణసంచా చూడ్డానికి వెళ్తా" అంది. ఎవరితో అని అడగలేదు. సెలూన్ ఇషిగురో కొడుకు రెంటారోతో అని ఊరంతటికీ తెలుసు. మంచివాడేలే. నన్ను చూస్తే చాలు, కంగారుగా నడుం వంచుతాడు.

పక్కింటావిడ కడతానంటే ఇది వద్దంది. తలుపేసుకుని, అద్దంలో చూసుకుంటూ తనే కట్టుకుంది. ఎడమ అంచు పైకి రావాల్సింది, కుడిది పైకొచ్చింది.

నేను రేవులో వల సర్దుతున్నాను. ఇద్దరూ మెట్లు దిగి వస్తున్నారు. సాయంత్రపు ఎండ దాని మొహం మీద పడుతోంది. నీ యుకాతా, నీ మెడ, నీ నడక. కుడి అంచు పైన.

ఆఖరిసారి నీకు నేనే కదా అలా వేసింది. మీ అక్క సాయం పట్టింది.

నాకేమైందో నాకే తెలీదు. "తీసెయ్యి అది. శవానికి కట్టే కట్టది. సిగ్గులేదా నీకు?" అని అరిచాను. ఆ కుర్రాడి ముందు, రేవంతా వింటుండగా. అక్కడితో ఆగానా? నడుం పట్టీ పట్టుకుని లాగాను. ముడి ఊడిపోయింది. పిల్ల రెండు చేతులతో బట్ట గుండెకి అదుముకుని అలాగే నిలబడిపోయింది.

రెంటారో తన చొక్కా విప్పి దాని భుజాల మీద కప్పాడు. నాకేసి ఒక్క చూపు చూశాడు. వాడి వయసెంతని, యసుయో? నేనే తల దించుకున్నాను.

"నాకెవరు చెప్పారు నాన్నా?" అంది మెల్లిగా. "నువ్వు చెప్పావా?"

ఇంటికొచ్చేసింది. పైన బాణసంచా పేలుతుంటే దాని గది బయట నిలబడ్డాను. తప్పయిపోయిందమ్మా అనాలి. నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "పుచ్చకాయ కోశాను" అన్నాను.

పొద్దున అన్నం వడ్డించి, "మీరు తినండి" అంది. "వచ్చే వసంతంలో హాస్టలున్న హైస్కూలుకి వెళ్తాను. మీరు ఒప్పుకుంటే చాలు."

మీరు అంది, యసుయో. మాటలొచ్చినప్పటి నుంచీ నన్ను నువ్వు అనే పిల్ల.

సరేనన్నాను. వద్దనడానికి ఏ మొహం పెట్టుకోను?

నాకు దాని మీద కోపం కాదు. ఆ మెట్ల మీద నువ్వే వస్తున్నావనుకున్నాను. ఆ కట్టుతోనే వచ్చావు, మళ్ళీ వెళ్ళిపోతావని తెలిసిపోయింది. నీ మీద అరిచాను. దెబ్బ దానికి తగిలింది.

ఇదంతా దానికే చెబుదామని ఇందాక వెళ్ళాను. గుమ్మం దగ్గర నన్ను చూసి లేచి నిలబడింది. "మీకేమైనా కావాలా?" అంది.

ఏమీ వద్దన్నాను.