కింద, కుడి మూల

అది కాదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వడిగే కాగితం రహస్యం అని నేనన్నానా? రహస్యమైతే ఆ కథే వేరు. ఇనప్పెట్టె, రెండు తాళాలు, గుమ్మంలో తుపాకీ. ఇది రహస్యం కాదు. రహస్యం కాకపోయినా బయటికి పోకూడనిది. అంతే తేడా. సైన్యంలో ఇలాంటి కాగితాలే ఎక్కువ. నీ మొగుడికి ఒక్క రోజులో బుర్రకెక్కింది. నువ్వు మూడు వారాలుగా తిరుగుతున్నావు, నీకింకా ఎక్కట్లేదు.

కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి కాలు విరిగింది. స్టూలు లాక్కో.

బావగారూ బావగారూ అనకు. వాడు నన్ను అన్నా అని పిలిచేవాడు, నిజమే. మీ ఇంట్లో టీ తాగాను, అదీ నిజమే. ఆఫీసులో కూడా చుట్టరికాలు కలుపుకుంటూ పోతే ఈపాటికి ఈ బీరువా సంతలో ఉండేది.

ఏంటీ? కుళాయి దగ్గర నిలబడనివ్వట్లేదా? ఎలా నిలబడనిస్తారు తల్లీ! ట్రక్కు లోయలో పడింది. నీ మొగుడితోపాటు వెనకాల కూర్చున్న ముగ్గురూ పోయారు. ఎంక్వయిరీలో 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాశారు. ఆ ముగ్గురి పెళ్లాలూ మీ క్వార్టర్ల వరసలోనే ఉన్నారాయె. నీ బిందె తన్నారంటే తన్నరా మరి? నీ పిల్లని బళ్లో హంతకుడి కూతురా అని పిలిచారంటే... సరే సరే, ఏడవకు. బల్ల మీద కాగితాలు తడుస్తాయి.

బ్రేకులు పట్టట్లేదని వాడు మూడుసార్లు రాశాడంటావు. నీ కళ్లముందే, కార్బన్ పెట్టి మరీ రాశాడంటావు. ఆ నకళ్లు ట్రంకుపెట్టెలో నీ చీరల కింద ఉండేవంటావు. ఇప్పుడు లేవు. ఎలకలు కొట్టేశాయేమో అంటావు.

ఎలకల మీద నింద వెయ్యకమ్మా. పాపం, వాటికేం తెలుసు.

ఆ గోడ మీద చదువు. 'ఈరోజు నీ చెత్తబుట్టలో కాగితం, రేపు శత్రువు చేతిలో పటం.' నేనే రాశాను. బాగుందా? పైనుంచి వచ్చిన పెద్దాయన ఫొటో తీసుకుని వెళ్లాడు. సెలవు చీటీ, బండి నంబరు, ఇంటి చిరునామా... విడివిడిగా చూస్తే అన్నీ చిత్తుకాగితాలే. పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఏ బండి ఎప్పుడు ఏ దారిన పోతుందో అరచేతిలో కనిపిస్తుంది. మంచి రూలమ్మా ఇది. మనవాళ్ల ప్రాణాలు కాపాడ్డానికి పుట్టిన రూలు.

నవ్వుతావేం?

దాని మీద నేనే క్లాసు చెప్పాను. యాభై మందొచ్చారు. నలభై తొమ్మిది మంది ఆవలించారు. నీ మొగుడు రాసుకున్నాడు! నోట్‌బుక్కులో! మర్నాడు పొద్దున్నే వచ్చి ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే నిలబడ్డాడు. చేతిలో కవరు. "అన్నా, వీటి మీద బండి నంబరుంది, వెళ్లే దారి ఉంది. ఇంట్లో ఉంచకూడదు కదా?" అన్నాడు. లెక్క తప్పు లేకుండా చేసిన పిల్లాడిలా వెలిగిపోతోంది మొహం. భుజం తట్టాను. నీలాంటోళ్లు పదిమందుంటే చాలురా, దేశం చల్లగా ఉంటుంది అన్నాను.

అవును. నీ చీరల కింది నకళ్లు ఇక్కడికే వచ్చాయి. అరవకు! పక్క గదిలో ఆఫీసరుగారున్నారు.

అసలు కాగితాలా? తెలివైనదానివే. బండ్ల ఫిర్యాదులు తీసుకునేది నేనే. 'అందింది' అని సంతకం పెట్టాలి, గ్యారేజీకి పంపాలి. పెట్టాను, మూడింటికీ. పంపడమే... ఆ వారం గోడరాతలు, ఆపై వారం క్లాసు, ఆ తర్వాత తనిఖీ. సొరుగులో ఉండిపోయాయి. కావాలని చేశానా? కావాలని చేస్తే పాపం. మర్చిపోతే పని ఒత్తిడి.

ట్రక్కు పడిందని కబురొచ్చిన మధ్యాహ్నం సొరుగు తీశాను. బయట అంతా గ్యారేజీ వైపు పరిగెడుతున్నారు. నేను ఇంకు ప్యాడు తడిచేసుకుని అసలువి మూడూ, నకళ్లు మూడూ, ఆరింటి మీదా ముద్ర కొట్టాను. 'ఆఫీసు వాడకానికి మాత్రమే.' ముద్ర పడితే అడిగినవాళ్లకి ఇవ్వక్కర్లేదు. అవసరం తీరాక చింపెయ్యాలి కూడా. తీరిందో లేదో ఎవరు తేల్చాలి? ఈ సెక్షన్లో ఎవరున్నారమ్మా నేను తప్ప!

ఎందుకు చెబుతున్నానా? ఎవరికో ఒకరికి చెప్పాలిగా. నీకైతే భయం లేదు. బయటికెళ్లి గొంతు చించుకో. 'కాగితమేదమ్మా?' అంటారు.

ఉంది, ఒక్కటుంది. ఇదిగో. ఐదు నమిలాక ఈ కాగితాలు చింపే మిషను మొరాయించింది. చెయ్యి వెనక్కి తియ్యి. అక్కణ్నుంచే చూడు. వాడి రాతే కదా, గుర్తుపట్టావా? 'బ్రేకు పెడల్ నేలకి ఆనుతోంది. దిగుడు దారిలో ప్రమాదం. దయచేసి వెంటనే చూడగలరు.' దయచేసి అట! మర్యాదకేం తక్కువ లేదు వాడికి.

మిషను చెడిందని నేనూ ఒక ఫిర్యాదు రాశాన్లే. రెండ్రోజుల్లో, ఇవాళ పొద్దున్నే, వచ్చాడు మెకానిక్కు.

ఇందులో శత్రువుకి పనికొచ్చేదేముంది అంటావా? ఏమీ లేదు. ఆ బండి తుక్కయిపోయింది. ఆ దారిన వెళ్లడమే మానేశారు. ఈ కాగితంలో కాపాడాల్సింది ఒక్కటే. కింద, కుడి మూల చూడు.

నా సంతకం.

కాళ్లు వదులు. ఛ, వదులమ్మా, ఎవరైనా చూస్తే బాగుండదు. జరుగు, మిషను ప్లగ్గు నీ వెనకుంది.

...

చప్పుడెంత మెత్తగా ఉందో చూశావా? కొత్త బ్లేడ్లు.

లే. మొహం తుడుచుకో. వెళ్లేముందు ఆ గేటు పాసు బల్ల మీద పెట్టు. దాని మీద వాడి పేరుంది, మీ ఇంటి నంబరుంది. అలాంటివి బయటికి పోకూడదు.