ఆశన్న సన్నాయికి ఫజల్ కట్టిన వెబ్‌సైట్

ఏడాదిగా ఆశన్న సన్నాయికి ఒక్క పెండ్లి పిలుపూ లేదు. అందరికీ డీజే కావాలి. ఇన్నాళ్లకు జిమల్‌గట్ట భీము, బిడ్డ పెండ్లికి మేళం పెట్టుకుంటానన్నాడు. ముందు పాట వినిపించమన్నాడు. అందుకే ఫోన్ల దుకాణం ఫజల్ వెబ్‌సైట్ చేస్తానంటే, ఆశన్న తన పాటలున్న మెమరీ కార్డు అతని చేతిలో పెట్టాడు. ఇప్పుడు సిరొంచలో ముత్తక్క చాయ్ దుకాణం ముందు ఫజల్ ఆశన్నకు ఆ ముచ్చటే చెబుతున్నాడు.

"ఊకెనే అయితదా కాకా! వెబ్‌సైట్ కట్టే యాప్‌లు మూడు చూసిన. ఒకదాంట్ల తెలుగు అక్షరాలు విరిగిపోతున్నయి. ఒకదాంట్ల పాట వినాలంటే నాలుగుసార్లు ఒత్తాలె. నాకేమో తెరవంగనే సన్నాయి మోగాలె! ఇగ మొత్తం పందొమ్మిది చూసిన."

"ఇప్పుడే మూడంటివి?" చాయ్ వడపోస్తూ ముత్తక్క.

"మూడు పొద్దుగాల అక్కా, పదహారు మాపటీలి! ఆఖరి కంపెనీ పెద్దసాబ్ వీడియో కాల్‌ల దండం పెట్టిండు, మా దాంట్లనే కట్టు భాయ్ అని. సరే అని కట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏటపల్లి బస్సుల ఒకాయన తెరిచిండు..."

"ఆ అడివిల సిగ్నలెక్కడిది?" అంది ముత్తక్క.

"సన్నాయి విననీకె టవరే నడిచొచ్చింది! డ్రైవర్ బస్సాపి చెప్పులిడిచిండు. ఆడోళ్లు కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్సుడే ఏడ్సుడు! నలభై మంది దిగి లైనుగ నడిచిన్రు. వాళ్లెనుక ఎలుగుబంటి, దానెనుక రెండు పిల్లలు, తలకాయలు దించుకొని!"

అందరూ నవ్వారు. ఆశన్న నవ్వలేదు. గొప్పలు చెప్పేవాడికి పని అప్పగించకూడదని అతనికి తెలుసు. అవసరం ఆ తెలివిని అణిచేసింది.

"పెండ్లి పాటకు ఏడ్సుడేంది? ఏ పాట పెట్టినవ్‌రా?" అన్నాడు ఆశన్న.

"నీ కార్డుల పెండ్లి పాటలన్నిట్ల ఎనుక డీజే మోత కాకా. ఒక్కటే సాఫ్‌గ ఉండె. భీముకు సుత పొద్దుగాలనే పంపిన. ఇను!"

ఫోన్లో సన్నాయి మోగింది. బల్ల మీది ముసలి సోము అలవాటు చొప్పున లేచి, చెప్పులు విడిచి, తల వంచాడు.

ముత్తక్క ముఖం తెల్లబోయింది. "ఓ ఫజలూ! ఇది మా అత్త ఆగమ్మ పాడె లేపినప్పుడు ఊదింది గదా!"

ఆశన్న ఆ పాటను ఇంటి కప్పు కింద ఏనాడూ ఊదలేదు. సాధన కూడా ఊరవతలే. అది పెండ్లింట్లో మోగింది.

అతని ఫోను మోగింది. భీము.

"ఎవలు పోయిన్రు? ఇక్కడ ఆడోళ్లు పొద్దుగాల సంది ఏడుస్తున్నరు. పెండ్లి పని ఆపి మట్టి ఇయ్యనీకె బయలెల్లుతున్నం."

ఆశన్న స్పీకర్ నొక్కి ఫోను ఫజల్ చేతిలో పెట్టాడు. చెప్పమని సైగ చేశాడు.

"నేను... ఫజల్ను," అన్నాడు ఫజల్ సన్నగా.

అటువైపు భీము బావురుమన్నాడు.

"అయ్యో! అంటే పోయింది ఆశన్ననా?"