చివరి వీధి కుళాయి

క్లోరిన్ గది బయట, మెట్ల మీద. అన్న ఊరి నీళ్లలో క్లోరిన్ కలుపుతాడు, చెల్లెలు ఆ నీళ్లు పరీక్ష చేస్తుంది. తోబుట్టువులు గనక ఆఫీసు మర్యాదలు వాళ్ల దగ్గర చెల్లవు.

"మళ్లీ చెప్పు, ఎంతొచ్చింది?"

"ఎన్నిసార్లడుగుతావ్? ఉండాల్సినదానికి రెండింతలు. మూడుసార్లు చేసి చూశానన్నయ్యా."

"ఇక్కడి కుళాయిలో బాగానే ఉందిగా?"

"ఇక్కడ బాగానే ఉంటుంది. చెరువులో కుళ్లిన ఆకులుంటాయి చూడు, ఆ మడ్డితో క్లోరిన్ కలిసి ఏవేవో విషాలు పుడుతున్నాయి. రెండింతలున్నది అవే. పైపులో పోయేకొద్దీ పెరుగుతాయి. నేను పట్టింది చివరి వీధిలో. మీ వీధిలో."

"క్లోరిన్ వాసనొస్తే మంచినీళ్లని మురిసిపోయేవాళ్లం."

"మాట మార్చకు. ఏళ్ల తరబడి తాగితే కేన్సర్ రావచ్చంటున్నారు. కడుపుతో ఉన్నవాళ్లకీ మంచిది కాదేమోనని అనుమానం. వదినకి ఇదివరకే రెండుసార్లు కడుపు పోయింది."

"నాకు తెలీదా! నువ్వు గుర్తు చెయ్యాలా?"

"డబ్బా నీళ్లు తెప్పించు."

"ఆ డబ్బాలవాడు పట్టుకెళ్లేది మాత్రం ఎక్కడ? మన గొట్టం దగ్గరే."

"పోనీ, కాచుకోండి."

"ఆవిరి పీల్చినా ముప్పేనని ఆ మధ్య నువ్వేగా అంది? ఆ రోజు నుంచీ మీ వదిన కాచడమే మానేసింది."

"అయ్యో రామా! కిటికీలు తీసి కాచుకోమన్నానన్నయ్యా!"

"తనకి ముప్పన్న ముక్కే వినపడింది."

"చెరువు పూడిక తీయించమని పెద్దసారుకి రాశావా?"

"నాలుగుసార్లు. చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు మహానుభావుడు."

"అయితే క్లోరినే తగ్గించు. సగానికి. నీ కాళ్లు పట్టుకుంటా."

"తగ్గిస్తే ఏమవుతుందో మర్చిపోయావా? అమ్మ..."

"మర్చిపోలేదు. వాంతులు, విరేచనాలు, రెండ్రోజుల్లో మన చేతుల్లోనే పోయింది. అయినా కాన్పయ్యేదాకా, కొంచెం, కొంచెమే..."

"తగ్గించాను."

"ఏంటీ?"

"సగం. నెలన్నరైంది. నెల తప్పానని తను చెప్పిన రోజే. రిజిస్టర్‌లో మాత్రం పాత అంకెలే వేస్తున్నా."

"అంటే... సగం చేశాక కూడా రెండింతలా?"

"అందుకే కదే మళ్లీ మళ్లీ అడుగుతున్నా."

"పెంచెయ్. ఎవరికీ కలరానో కామెర్లో రాకముందే పెంచెయ్ అన్నయ్యా. నేను నోరెత్తను, ఒట్టు."

"పొద్దునే పెంచేశాను."

"హమ్మయ్య! మరి అలా కూలబడ్డావేంటి? ఇటు చూడు. అన్నయ్యా, ఇటు చూడు."

"మీ వదిన కళ్లు పచ్చబడ్డాయమ్మా."