గూఢచారి కథల వెనక చింతాకు అంచు

సభాధ్యక్షులు రఘుపతిగారికి, వేదిక మీది పెద్దలకు, డిండోలి నుంచీ కతర్‌గామ్ నుంచీ తమ సెలవురోజును నా కోసం వదులుకుని వచ్చిన మిత్రులకు నమస్కారాలు. ఈ గుజరాతీ బట్టల ఊళ్లో, సలాబత్‌పురాలో ముప్పై నాలుగేళ్లు చీరల డిజైన్లు గీసి మొన్ననే పని మానేసిన నాకు మీరు శాలువా కప్పారు, నా ఇరవై రెండు గూఢచారి కథల్ని పుస్తకంగా వేశారు. అవి ఎలా పుట్టాయో చెప్పమన్నారు రఘుపతిగారు. ఢిల్లీలో నాకెవరో పెద్ద అధికారి తెలుసునని ఆయన నమ్మకం. (నవ్వులు) మా వీధి పోస్టుమాన్ తప్ప నాకే అధికారీ తెలియడండి.

గూఢచారిని నేనే. మా సేఠు నన్ను పక్కవాళ్ల కార్ఖానాలకు పంపేవాడు. నూలు నమూనాల సంచి భుజాన వేసుకుని, దారం అమ్మేవాడిలా లోపలికి వెళ్లి, మగ్గం మీద నడుస్తున్న చీరను చూసి, పోగులన్నీ మనసులో పెట్టుకుని తిరిగొచ్చి గ్రాఫు కాగితం మీద గీసిచ్చేవాణ్ణి. నా కథానాయకుడు శత్రుదేశంలో చెవిటివాడిగా నటిస్తాడే, అది కూడా కల్పన కాదు. కాపలావాడు గుజరాతీలో ఏదో అడిగాడు, నాకప్పటికి ఆ భాష రాదు. (నవ్వులు)

ఇక పదకొండో కథ. అందులో గూఢచారి ఒక ఇంజనీరు ఇంట్లో మజ్జిగ తాగి, అతని పటం కాజేస్తాడు. ఆ ఇంజనీరు రాజమల్లు. మా సిరిసిల్ల వైపువాడు, ఉధ్నాలో ఒక కార్ఖానాకు డిజైన్లు వేసేవాడు. మనూరివాడివని నన్ను ఇంటికి పిలిచాడు. ఆయన భార్య వజ్రమ్మ జొన్నరొట్టె పెట్టి, మజ్జిగ ఇచ్చింది. నాలుగు నెలలుగా వేస్తున్న చింతాకు అంచును ఆయనే మంచం మీద పరిచి, మూల దగ్గర ఆకులెలా తిరుగుతాయో నాకు వివరించాడు. నేను వచ్చి గీసిచ్చాను. మా సేఠు చీర వాళ్ల కార్ఖానా చీరకంటే ఎనిమిది రోజుల ముందే బజారుకెక్కింది.

రాజమల్లే డిజైను అమ్ముకున్నాడని యజమాని ఆయన్ని తీసేశాడు. తర్వాత ఈ ఊళ్లో ఎవరూ ఆయన చేతికి డిజైను పని ఇవ్వలేదు. పందొమ్మిదేళ్లు పరాయి షెడ్డులో మగ్గం నడిపాడు. మనవాళ్లు కూడా దొంగ అన్నారు. అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, నోరెత్తలేదు.

కథ చివర గూఢచారి తప్పు ఒప్పుకుంటాడు, ఆ నేరానికి జైల్లో పడ్డ ఇంజనీరు విడుదలవుతాడు. ముగింపు అతకలేదని పాఠకులు ఉత్తరాలు రాశారు. నిజమే, జరగనిది రాశాను.

పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆ కథ అచ్చయిననాడే ఎర్కైంది సదానందం. మజ్జిగ సుత మా ఇంటిదే రాసినవు. గని అండ్ల నా పేరు లేకపాయె. నలుగురి ముంగట నా పేరు వెట్టి చెప్పు."

మాఫ్ చేస్తావా అని అడిగాను.

"ముందుగాల చెప్పు," అన్నాడు.

చెబుతున్నాను. చింతాకు అంచు వేసినవాడు రాజమల్లు. ఆయన దాన్ని ఎవరికీ అమ్మలేదు. దొంగిలించింది నేను.



ఆయన అదిగో, తలుపు పక్క కుర్చీలో ఉన్నాడు. ఆయన్ని దొంగ అన్నవాళ్లు ఈ ముందు వరుసల్లోనూ ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పను, నా పేరొక్కటి చాలు. ఇంతసేపు విన్నందుకు మీకు కృతజ్ఞుణ్ణి. లేచి ఆయన దగ్గరికి వెళ్లి పలకరించాలనుకునే వాళ్లకు అడ్డంగా ఇంకా మాట్లాడను. సెలవు.