మణికుమార్ పట్టిన సిగ్నల్

మణికుమార్ నోరు తెరిచాడంటే హనుమయ్య ఇంకో పాల ప్యాకెట్ కత్తిరిస్తాడు. కబుర్లు సాగినంతసేపూ టీలు సాగుతాయని అతని ధైర్యం. కంకిపాడు సెంటర్లో హనుమయ్య టీ బడ్డీ, దాన్ని ఆనుకునే మణికుమార్ కంప్యూటర్ రిపేరు కొట్టు. సాయంత్రం షట్టరు సగం దించి బల్ల మీదికి చేరాడంటే, పొద్దున విప్పిన ప్రింటరు కాస్తా రాకెట్ అయి కూర్చుంటుంది. అవి కోతలని ఊరందరికీ తెలుసు. అయినా వింటారు. చేతులు తిప్పుతూ అంత బాగా చెప్తాడు మరి.

ఈ మధ్య మాత్రం అతను చెప్పేది ఒక్కటే కథ, రత్తయ్య గారి లాప్‌టాప్ కథ. నిజానికి అది రత్తయ్యది కాదు, ఆయన కూతురు సుస్మితది. ఆ పిల్ల పోయిన ఏడు బండి జారి కాలవలో పడి చనిపోయింది. ఫోను కూడా ఆ నీళ్లలోనే పోయింది. తను పాడుకున్న పాటలన్నీ ఇంటర్నెట్‌లో తన ఖాతాలో దాచుకుంది, ఆ ఖాతా తెరిచి ఉన్నది ఈ లాప్‌టాప్‌లో ఒక్కదాంట్లోనే. దాంట్లో అందరిలాగా విండోస్ కాదు, లైనక్స్ ఉంది. పిల్ల తనే ఎక్కించుకుంది. ఏదో అప్‌డేట్ అయ్యాక, నెట్ అందుకునే దాని వైఫై కార్డు పనిచేయడం మానేసింది. బెజవాడలో చూపిస్తే అంతా చెరిపేసి విండోస్ వేస్తామన్నారు. చెరిపితే పిల్ల ఖాతా కూడా పోతుందని భయపడి, రత్తయ్య దాన్ని సంచిలో పెట్టుకుని మణికుమార్ దగ్గరికి తెచ్చాడు. ఆయన భార్య సంపూర్ణమ్మ కూతురి గొంతు ఒక్కసారి వినాలంటోందట.

"చెరపకుండా చేస్తా బాబాయ్ గారూ, నాది పూచీ" అన్నాడు మణికుమార్.

చేశాడు కూడా. పాపం, అతను పుట్టి బుద్ధెరిగాక చేసిన గొప్ప పని అదే, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకునే యోగం మాత్రం లేకపోయింది. కార్డు పనిచేసింది, నెట్ వచ్చింది, ఖాతా పేజీ తెరుచుకుంది. తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. ఇన్నాళ్లూ నెట్ లేక పడి ఉండేసరికి ఆ ఖాతా తనంతట తనే మూసుకుపోయింది. కొత్త పాస్‌వర్డ్ పెడదామంటే, దానికి కోడ్ రావాల్సిన సుస్మిత ఫోన్ నంబరు ఎప్పుడో రద్దయింది. ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఇప్పుడు లేదు. ఆ మాట రత్తయ్య మొహం మీద చెప్పలేక, కార్డు ఇంకా దారికి రాలేదని మొదలుపెట్టాడు. కోతలు కోయడం మణికుమార్‌కి కొత్త కాదు గానీ, ఏడుపు దిగమింగుకుంటూ కోయడం కొత్త.

ఆ సాయంత్రం కూడా రత్తయ్య వచ్చి సైకిల్ స్టాండు వేసి బల్ల చివర కూర్చున్నాడు. ఆటో అంతోని అప్పటికే రెండో టీ మీదున్నాడు.

"ఏం మణీ, ఇవాళ ఏం చేసింది నీ కార్డు?" అన్నాడు అంతోని.

"అసలు మొదట్లో చిన్న పనేనండీ అది" అని మణికుమార్ గ్లాసు పక్కన పెట్టాడు. "కార్డు ఉంది, లైనక్స్ ఉంది, ఆ రెంటినీ కలిపే డ్రైవర్ లేదు, అంతే."

"డ్రైవర్ కావాలంటే నన్ను పిలవాల్సింది!"

"నీ వల్ల కాదులే! ఆ డ్రైవర్ నెట్‌లోంచి దించుకోవాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి, చూశారా తిరకాసు! నా ఫోనుకి కేబుల్ తగిలించి, నల్ల స్క్రీను మీద కమాండ్లు కొట్టి దించా. ఇక్కడిదాకా ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కార్డు లేచింది! లేచి ఊరుకుందా? హనుమయ్య గారి వైఫై పట్టింది, బస్టాండు పట్టింది, ఇక్కడ కూర్చుని గుణదల కొండ పట్టింది, సరే చూద్దామని ఇడ్లీ పాత్ర మూత ఒకటి ఆనించా, పోయి పోయి ఇబ్రహీంపట్నంలో పడింది! థర్మల్ స్టేషన్ పొగగొట్టాల మీంచి సిగ్నల్ లాగేస్తోందండీ! నిన్న చెప్పాగా, అక్కడి ఇంజనీరు ఫోన్ చేసి, 'బాబూ, నువ్వెవరో గానీ కాస్త మెల్లిగా లాగు, ఇక్కడ లైట్లు డిమ్మవుతున్నాయి' అని ఒకటే బతిమాలడం!"

"ఆయనకి నీ నంబరెట్టా తెలిసింది?" అన్నాడు హనుమయ్య, టీ తిరగబోస్తూ.

"కార్డే ఇచ్చింది! వినండి ముందు. ఇవాళ పొద్దున మూత తూర్పుకి తిప్పా. బందరు దాటింది, సముద్రంలోకి దిగింది! సూరయ్య అని వేటకెళ్లినాయన వల లాగుతుంటే, వలలో నా సిగ్నల్ తగులుకుంది, చేపలన్నీ తలలు కంకిపాడు వైపు తిప్పి కదలవంట! సిగ్నల్ వదిలితే గానీ ఆయన వల పైకి రాలేదు. అన్నీ వస్తున్నాయండీ, మన అమ్మాయి పాటలున్న చోటు ఒక్కటే చిక్కడం లేదు. అక్కడితో ఆగుతానా? మూత ఆకాశానికి ఎత్తా. పైన తిరిగే ఉపగ్రహం తన దారి మానుకుని మన సెంటర్ మీద నిలబడిపోయింది! దానిక్కూడా పైన, చాలా పైన, ఇంకో సిగ్నల్ కనబడిందండీ, సన్నగా..."

మాట నోరు దాటాక గానీ అది ఎటు పోతోందో మణికుమార్‌కి తెలియలేదు. ఆకాశానికి ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు.

"అంతకన్నా పైన ఎవరుంటార్రా?" అన్నాడు అంతోని నవ్వుతూ. ఆ నవ్వు వెంటనే పోయింది. ముగ్గురూ రత్తయ్య వైపు చూశారు.

రత్తయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మణీ, సముద్రం దాకా చాలయ్యా. ఉపగ్రహమంటే మీ పిన్ని నమ్మదు."

"పిన్ని గారా?"

"రోజూ ఇంటికెళ్లేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉంటది. ఇవాళ ఎందాకా వచ్చిందంటది. నువ్వు చెప్పిందే చెప్తా. ఇంజనీరు బతిమాలాడంటే నవ్వింది కూడాను. పిల్ల పోయాక ఆవిడ నవ్వడం నిన్ననే చూశా."

మణికుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాబాయ్ గారూ, అసలు సంగతి ఏంటంటే..."

"పాస్‌వర్డ్ అడుగుతోంది. తెలుసులే" అన్నాడు రత్తయ్య. "మొన్న నువ్వు భోజనానికెళ్లినప్పుడు లాప్‌టాప్ తెరిచే ఉంది. పిల్ల పేరు కొట్టా. వాళ్లమ్మ పేరు కొట్టా. అది పెంచుకున్న దూడ పేరు కూడా కొట్టి చూశా. అన్నీ తప్పేనంది."

హనుమయ్య స్టవ్ తగ్గించాడు. అంతోని తల వంచుకుని ఆటో తాళాలు చూసుకుంటున్నాడు.

"మరి పిన్ని గారికి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? ఇంకా రాలేదంటే, ఎప్పుడో ఒకప్పుడు వస్తదని అన్నం తింటోంది. వచ్చింది గానీ లాభం లేదని చెప్తే, ఇంక దేనికోసం తింటది?" ఆయన మణికుమార్ వైపు తిరిగాడు. "అందుకే అడుగుతున్నా. ఇవాళ్టికి కాస్త చిన్నది చెప్పు మణీ. నాకు అల్లడం చేతకాదు."

ఇంత చిన్న అబద్ధం వెతుక్కోవాల్సి రావడం మణికుమార్ ఎప్పుడూ ఎరగడు. చివరికి రత్తయ్యకి దగ్గరగా జరిగి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"కార్డుకి తేమ పట్టిందని చెప్పండి బాబాయ్ గారూ. మణిగాడు దాన్ని తుడిచి, ఎండలో పెట్టి, మళ్లీ బిగిస్తాడంట అనండి."

రత్తయ్య ఆ మాటల్ని లోలోపల ఒకసారి అనుకుని చూసుకున్నాడు.

"ఇది నమ్ముద్ది" అని లేచి, సైకిల్ స్టాండు తీశాడు.