తెరిచి చూస్తే

ఎక్స్‌రే గదిలోని లినక్స్ కంప్యూటర్ ఫైళ్లతో నిండిపోయి మొరాయించింది. బయట బల్లల మీద రోగులు ఎదురుచూస్తున్నారు. కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ వచ్చి, ఎక్స్‌రేలు తీసే అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పది రోజులు ఎవరూ తెరవని తాత్కాలిక ఫైళ్లు వాటంతటవే పోయేలా పెట్టానుగా? ఒక్కటీ పోలేదే!”

“అదే నాకూ అర్థం కావట్లేదక్కా. పోయాయో లేదో అని రోజూ పొద్దున్నే ఒక్కోటీ తెరిచి మరీ చూస్తున్నా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నువ్వు తెరిచినప్పుడల్లా దానికి మళ్లీ మొదటి రోజే. ఇంక పాతబడేదెప్పుడు?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ పాతవన్నీ తుడిచేసింది. యంత్రం కదిలింది.

“అవునక్కా, మీ తమ్ముడితో మాటలు కలిశాయా?”

“ఎలా కలుస్తాయే? ఏళ్లు గడిచినా, వాడన్న మాట నిన్నే అన్నట్టుంటుంది. రోజూ పడుకోబోయే ముందు ఒక్కసారైనా తలుచుకుని…”

ఆవిడ మాట సగంలోనే ఆగింది. అమ్మాయి ఆవిడ వంక చూసింది.

“చాల్లే, అలా చూడకు.” ఆవిడ లేచి కుర్చీ పక్కకు జరిపింది. “రేపట్నుంచి నువ్వు తెరవకు. నేనూ తెరవను.”